దేవుణ్ణి ప్రేమిస్తున్నా, అన్నతో మాత్రం మాటల్లేవు

మామిడితోట | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. సొంతూరు పూతలపట్టు దగ్గర. మా చర్చిలో 21 రోజుల ఉపవాస కూడికలు నిన్నటితో ముగిసినాయి. ఒక్క రోజు కూడా మానలేదు. డ్యూటీ దిగి నేరుగా అక్కడికే, రాత్రి పది దాకా మోకాళ్ల మీదే. గొప్ప కోసం చెప్పడం లేదు, విషయం అర్థం కావాలని చెప్తున్నా.

ఈ రోజు ప్రభు బల్ల, అంటే యేసు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. పాస్టరు అయ్యగారు బల్లకు ముందు యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయం 20వ వచనం చదివారు. కళ్లెదుట ఉన్న సహోదరుణ్ణి ప్రేమించనివాడు కంటికి కనిపించని దేవుణ్ణి ప్రేమించలేడు అనేది. వందసార్లు విన్న వాక్యమే. ఈసారి మాత్రం గిన్నె నా వరుసకు వచ్చేసరికి చెయ్యి లేవలేదు. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. తల వంచుకుని పక్కాయనకు అందించేశాను.

మా అన్నతో నాలుగేళ్లుగా మాటల్లేవు. రెండెకరాల తోతాపురి తోట, ఒక బోరు. పంచుకునే దగ్గర వచ్చిన గొడవ. తప్పు ఆయనదే, పెద్దమనుషులు కూడా అదే అన్నారు. మొన్న ఆపరేషన్ అయిందని తెలిసి కూడా చూడ్డానికి పోలేదు.

నా ప్రశ్న ఒక్కటే. ప్రార్థనలో నేను ఏడుస్తాను. అది నటన కాదు. అన్నతో మాట్లాడనంత మాత్రాన అదంతా అబద్ధమేనా? దేవుడికీ నాకూ మధ్య ఉన్నది వేరు, అన్నకూ నాకూ మధ్య ఉన్నది వేరు కాదా?

ప్రార్థన గది | ఆదివారం, రాత్రి 10:05

ప్రెయిజ్ ద లార్డ్ బ్రదర్. కుంగిపోవద్దు. ప్రభువే ఆజ్ఞలకు వరుస పెట్టాడు. పూర్ణహృదయంతో దేవుణ్ణి ప్రేమించడం మొదటిది, ముఖ్యమైనది. పొరుగువాడు రెండోది. మొదటిది నిలబడితే రెండోది దానంతటదే వస్తుంది. మీ అన్న కోసం ప్రార్థన చేస్తూ ఉండండి, ఆయన మనసు దేవుడే మారుస్తాడు. బల్ల మాత్రం మానొద్దు.

సందేహాల సంచి | ఆదివారం, రాత్రి 10:12

దానంతటదే వస్తుందంటున్నారు. నాలుగేళ్లయినా రాలేదు కదన్నా?

రాగిసంగటి | ఆదివారం, రాత్రి 10:20

అన్న మనసు మార్చమని ప్రార్థన చేయడంలో ఒక సుఖం ఉంది. మన మనసు జోలికి ఎవరూ రారు.

కాణిపాకం క్రాస్ | ఆదివారం, రాత్రి 10:31

రెండెకరాలకు ఒకటే బోరా? ఎన్ని అడుగులు? మా వైపు వెయ్యి దాటినా తేమ కూడా తగలడం లేదు.

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 10:33

బోర్ల సంగతికి వ్యవసాయం విభాగం ఉంది.

పాతకీర్తన | సోమవారం, ఉదయం 6:15

తమ్ముడూ, నేను రిటైరైన తెలుగు మేష్టారుని. మా తాతల నాటి నుంచి లూథరన్లం. 1860లలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషన్ వాళ్లు కాళహస్తి, తిరుపతి, నాయుడుపేట వైపు సంఘాలు పెట్టారు, మాది అందులోదే. పాఠం చెప్పే అలవాటు పోలేదు, ఓపిగ్గా చదువు.

ఆ రెండు ఆజ్ఞలూ యేసు కొత్తగా చెప్పినవి కావు. మొదటిది ద్వితీయోపదేశకాండం 6:5. యూదులు పొద్దునా సాయంత్రం చెప్పుకునే ప్రార్థనలోని మాట. అది తెలియని పిల్లవాడు కూడా ఉండడు వాళ్లలో. రెండోది లేవీయకాండం 19:18. యేసు చేసిందల్లా ఎక్కడో ఉన్న ఈ రెండోదాన్ని తెచ్చి మొదటిదాని పక్కన కూర్చోబెట్టడం. మత్తయి 22లో చూడు. 'రెండవది' అన్నాడు గానీ చిన్నది అనలేదు, 'దానివంటిదే' అన్నాడు. ధర్మశాస్త్రమూ ప్రవక్తలూ అంతా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉన్నాయన్నాడు. రెండు కొక్కేలకు కట్టిన ఉయ్యాలలాగా. ఒక కొక్కెం ఊడితే ఉయ్యాల సగం వేలాడదు, బిడ్డ కింద పడుతుంది.

ఇప్పుడు ఆ రెండోది మొదట ఎక్కడుందో చూడు. లేవీయకాండం 19 మొత్తం ఒకసారి చదువు. పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయకు, పేదవాడికీ పరదేశికీ వదులు. ద్రాక్షతోటలో రాలిన పండ్లు ఏరుకోకు. కూలివాడి కూలి తెల్లవారే దాకా నీ దగ్గర పెట్టుకోకు. చెవిటివాణ్ణి తిట్టకు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకు. చివర్లో తూకం, కొలత న్యాయంగా ఉండాలి. (మండీలో కాటా దగ్గర తరుగు తీసేవాళ్లకు ఈ వచనం పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.) ఈ లెక్కల నడుమ వస్తుంది, నిన్ను వలె నీ పొరుగువాని ప్రేమింపవలెనని. మనం ప్రేమ అంటే గుండె ఉప్పొంగడం అనుకుంటాం. అక్కడ ప్రేమ పొలం గట్టు మీద, కాటా పక్కన, కూలి డబ్బులు లెక్కపెట్టే చోట ఉంది. ఆ మాటలన్నిటి వెనకా మళ్లీ మళ్లీ 'నేను యెహోవాను' అని సంతకం ఉంటుంది. గట్టు తగాదాలో కూడా ఆయన సంతకం ఉంటే, దేవుడి సంగతి వేరు, అన్న సంగతి వేరు అని ఎట్లా అంటావు?

ఆ అధ్యాయంలోనే 17వ వచనం నీకు పనికొస్తుంది. సహోదరుణ్ణి మనసులో ద్వేషించకు, పొరుగువాణ్ణి తప్పక గద్దించు అని ఉంది. అన్న తప్పు చేసి ఉంటే మొహం మీద చెప్పమంటోంది. నాలుగేళ్లు మూతి ముడుచుకుని కూర్చోమని మాత్రం ఎక్కడా లేదు.

సందేహాల సంచి | సోమవారం, ఉదయం 8:50

మేష్టారూ, వాదన కోసం కాదు, నిజంగానే అడుగుతున్నా. యోహాను పత్రికలో 'సహోదరుడు' అంటే సంఘంలోని తోటి విశ్వాసి. తోబుట్టువు కాదు. బోరు దగ్గర కొట్లాడుకున్న అన్నకు ఆ వచనం వర్తిస్తుందా?

పాతకీర్తన | సోమవారం, ఉదయం 9:30

మంచి ప్రశ్న. యోహాను రాసింది సంఘానికే, అక్కడ చీలికలు వచ్చి కొందరు వెళ్లిపోయిన సమయంలో. అయితే 'సహోదరుడు' అనే మాటను సంఘానికి అరువు తెచ్చుకున్నది ఎక్కడి నుంచి? ఇంటి నుంచే కదా. అసలువాడికి చెల్లని మాట అరువు తెచ్చుకున్నవాడికి ఎట్లా చెల్లుతుంది నాయనా?

గోవిందుని వీధి | సోమవారం, మధ్యాహ్నం 1:10

నేను క్రైస్తవుణ్ణి కాదు, మా పక్కింటివాళ్లు మీవాళ్లే కాబట్టి ఈ చర్చ చదువుతుంటాను. మా దగ్గర 'మానవ సేవే మాధవ సేవ' అంటారు. కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతోంది, పంక్తిలో కూర్చున్నవాణ్ణి ఎవరని అడగరు. మనిషికి చేస్తే దేవుడికి చేసినట్టే అయినప్పుడు రెండు ఆజ్ఞలు ఎందుకు? ఒకటి చాలు కదా అని నా అనుమానం.

ప్రార్థన గది | సోమవారం, మధ్యాహ్నం 2:00

సోదరా, మీ మాటలో మంచి ఉంది. కానీ సమస్య అక్కడే. ఒకటి చాలంటే చివరికి దేవుడు పోయి సేవ మిగులుతుంది. బేతనియలో ఒక స్త్రీ విలువైన అత్తరు యేసు తల మీద పోసింది. మూడు వందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అని పక్కనున్నవాళ్లు గొణిగారు. దేనారం అంటే ఒక రోజు కూలి. దగ్గర దగ్గర ఏడాది కూలి నేలపాలు. అయినా యేసు ఆమెనే సమర్థించాడు. అక్కచెల్లెళ్లలో మార్త వంటింట్లో చెమటోడుస్తుంటే, తన పాదాల దగ్గర కూర్చుని వింటున్న మరియనే మెచ్చుకున్నాడు. ఆయన కోసమే ఆయన్ని ప్రేమించే చోటు ఒకటి ఉండాలి. మామిడితోట బ్రదర్ 21 రోజుల కన్నీళ్లను తీసిపారేయొద్దని నా మనవి.

సందేహాల సంచి | సోమవారం, మధ్యాహ్నం 2:25

మార్త, మరియ కథ లూకా పదో అధ్యాయం చివర్లో ఉంది. దానికి సరిగ్గా ముందు ఏముందో తెలుసా? మంచి సమరయుడు. దారిలో పడి ఉన్నవాణ్ణి చూసి గుడి సేవ చేసే యాజకుడు, లేవీయుడు పక్కగా పోయారు, గాయాలు కట్టింది సమరయుడు అనే కథ. లూకా ఆ రెండింటినీ వెంటవెంటనే పెట్టాడు. మొదటిది చదివి గుడి మానేసేవాడికి రెండోది, రెండోది చదివి వంటింట్లో సాయం మానేసేవాడికి మొదటిది. నాకైతే అట్లా తోస్తుంది.

ప్రార్థన గది | సోమవారం, మధ్యాహ్నం 2:40

ఇది నేను గమనించలేదు. థాంక్స్.

నర్సక్క | సోమవారం, రాత్రి 11:15

నైట్ డ్యూటీలో ఉన్నా, తప్పులుంటే సర్దుకోండి. గోవిందుని వీధి అన్న అడిగినదానికి నాకు తెలిసినంత చెప్తాను.

మన చిత్తూరోళ్లకు రాయవేలూరు (వెల్లూరు) అంటే ఊరు గుర్తురాదు, ఆసుపత్రే గుర్తొస్తుంది. ఇడా స్కడర్ అనే అమెరికా అమ్మాయి తిండివనంలో మిషనరీ డాక్టరైన వాళ్ల నాన్న ఇంట్లో ఉండగా ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారంట, భార్యకు కాన్పు కష్టంగా ఉంది రమ్మని. ఆమె డాక్టరు కాదు. మా నాన్నను తీసుకుపోండి అంటే మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె అమెరికా పోయి 1899లో డాక్టరు చదువు ముగించి తిరిగి వచ్చింది. రాయవేలూరులో ఆ ఆసుపత్రిని 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల. ఆ రాత్రి ఆమెకు ప్రార్థన చేసుకోవడం రాక కాదు, పిలిచినవాళ్ల ఇంటికి పోయి కాన్పు చేయడానికి చేతుల్లో విద్య లేకపోయింది.

మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం కూడా అంతే. 1912లో మొదలైన క్షయ ఆసుపత్రి. ఫ్రిమొట్ మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు నడిపాడు. ఇప్పటి పిల్లలకు అర్థం కాదు గానీ అప్పటికి క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టిందే 1943లో. అంటే ముప్ఫై ఏళ్లు మంచి గాలి, తిండి, విశ్రాంతి, పక్కన మనిషి. ఇంట్లోవాళ్లు పశువుల కొట్టంలో పడుకోబెట్టే రోగిని వీళ్లు పక్క వేసి పడుకోబెట్టారు. నయం చేయలేమని తెలిసి కూడా.

ఇక నా సంగతి. చిన్న ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఒక తాత ఉండేవాడు. షుగర్, కాలికి పుండు. రోజూ నేనే కట్టు మార్చేదాన్ని. రోగిలో ప్రభువును చూడాలి అని మాకు నేర్పించారు కదా, వాసన తట్టుకోలేక నోట్లో వాక్యం అనుకుంటూ కళ్లు సగం మూసుకుని కడిగేదాన్ని. నాలుగో రోజు తాత అడిగినాడు, 'అమ్మా, నువ్వు నా కాలు కడగతా ఉండావా, మీ దేవుడి కాలు కడగతా ఉండావా?' నాకు నోరు పెగల్లేదు. 'నాదే అయితే ఇట్ల చూసి కడుగు. బొటనవేలు సందులో నొప్పిగా ఉండాది, నువ్వు ఆడికి రావడంల్యా' అన్నాడు.

నిజమే, ఆ సందు నేను వదిలేస్తున్నా. అక్కడే చీము పట్టింది.

అందుకే రెండు ఆజ్ఞలు కావాలన్నా. మనిషిని దేవుడికి ఎక్కే మెట్టులాగా వాడుకుంటే మెట్టును ఎవరూ చూడరు. తొక్కి పోతారు. మత్తయి 25లో తీర్పు రోజున రాజు కొందర్ని కుడివైపు నిలబెట్టి, నేను ఆకలిగా ఉంటే మీరు పెట్టారు అంటాడు. వాళ్లు ఏమన్నారో గుర్తుందా? ప్రభువా, నువ్వు ఆకలిగా ఉండగా మేమెప్పుడు చూశాం అంటారు. వాళ్లకు తెలియనే తెలియదు. వాళ్లు ఆకలిగా ఉన్నవాణ్ణే చూశారు.

గోవిందుని వీధి | మంగళవారం, ఉదయం 7:05

అక్కా, పొద్దున్నే టీ చల్లారిపోయింది ఇది చదువుతూ. తాత ప్రశ్న మావాళ్లకూ వేయాల్సిందే.

రాగిసంగటి | మంగళవారం, ఉదయం 10:30

నాకు యోహాను పత్రికలోని ఈ వచనమంటే భయం. ఎందుకో చెప్పాలి. పెళ్లయిన రెండో ఏడు దెబ్బలు తట్టుకోలేక పుట్టింటికి వచ్చేశా. సంఘపెద్దలు ఇద్దరు ఇంటికొచ్చి ఇదే వచనం చదివారు. భర్తను ప్రేమించలేనిదానివి దేవుణ్ణి ఏం ప్రేమిస్తావమ్మా అన్నారు. తిరిగి పోయాను. ఆర్నెల్ల తర్వాత చెయ్యి విరిగి వచ్చాను. ఈసారి పెద్దలు రాలేదు.

మామిడితోట అన్నా, నీ సంగతి వేరని తెలుసు. అన్నతో మాట్లాడితే నీ చెయ్యి విరగదు. కానీ ఇక్కడ చదివే ఆడవాళ్ల కోసం రాస్తున్నా. ద్వేషించకపోవడం వేరు, కొట్టేవాడి ఇంట్లో ఉండడం వేరు. ఆయన బాగుపడాలని ఇప్పుడు కూడా ప్రార్థన చేస్తా, పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి.

పాతకీర్తన | మంగళవారం, ఉదయం 11:00

అమ్మా, నేనూ ఒకప్పుడు సంఘపెద్దనే. అట్లాంటి ఇళ్లకు నేనూ పోయాను. నన్ను క్షమించమని ఎవరిని అడగాలో తెలియక నిన్ను అడుగుతున్నా.

రాగిసంగటి | మంగళవారం, ఉదయం 11:20

పెద్దవారు, అంత మాట వద్దు మేష్టారూ. మీరు లేవీయకాండం 19లో 17వ వచనం చెప్పారే, గద్దించు అని. ఆ రోజు మావారి దగ్గరికి పోయి ఎవరైనా అది చదివి ఉంటే చాలు.

నల్లచీమ | మంగళవారం, సాయంత్రం 5:45

అందరూ అన్నదమ్ముల గురించే మాట్లాడుతున్నారు. నేను వేరేది అడుగుతా. మా చర్చిలో ఆదివారం అందరూ బ్రదర్, సిస్టర్. పెళ్లి సంబంధం దగ్గరకొస్తే ఏమోళ్లు, అంటే ఏ కులం అని అడుగుతారు. ఒకే బల్ల దగ్గర ఒకే రొట్టె తిన్నవాళ్లు. సమరయుడి కథను యేసు ఎవరికి చెప్పాడు? సమరయులతో సాంగత్యం చేయని యూదులకు. యూదులు క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో గెరిజీము కొండ మీదున్న సమరయుల గుడిని కూలగొట్టిన చరిత్ర ఉంది. అటువంటి పగ నడుమ, నా పొరుగువాడెవడు అని అడిగినవాడికి, పడి ఉన్నవాడికి పొరుగువాడు అయింది ఎవరు అని ఎదురు ప్రశ్న వేశాడు. అడిగిన ఆ ధర్మశాస్త్ర పండితుడు నోటితో 'సమరయుడు' అనడానికి కూడా ఇష్టపడలేదు, 'జాలి చూపినవాడే' అని ఊరుకున్నాడు. మన చర్చిల్లో ఎంతమంది అట్లా పేరెత్తకుండా ఊరుకుంటున్నారో.

ప్రార్థన గది | మంగళవారం, సాయంత్రం 6:10

బ్రదర్, ఇది ఇక్కడ తెచ్చి చర్చను పక్కదారి పట్టించొద్దు.

నల్లచీమ | మంగళవారం, సాయంత్రం 6:12

పక్కదారిన పోయింది యాజకుడూ లేవీయుడూ.

నిర్వాహకుడు | మంగళవారం, సాయంత్రం 6:30

నల్లచీమ గారు చెప్పింది విషయంలోనిదే, ఉంచుతున్నాను. అయితే ఇద్దరూ కాస్త నిమ్మళంగా.

పాతకీర్తన | మంగళవారం, రాత్రి 8:00

నల్లచీమ బాబు చెప్పినదానికి పౌలు సాక్ష్యం ఉంది. కొరింథీయులకు మొదటి పత్రిక 11. అక్కడ డబ్బున్నవాళ్లు ముందే వచ్చి తిని తాగేస్తున్నారు, పని దిగి ఆలస్యంగా వచ్చే పేదవాడికి ఏమీ మిగలడం లేదు. పౌలు ఏమన్నాడు? మీరు తినేది ప్రభువు రాత్రి భోజనమే కాదు పొమ్మన్నాడు. పాట బాగలేదనలేదు, ప్రార్థన చాలలేదనలేదు. పక్కవాడు ఆకలితో ఉన్నాడన్నాడు. బల్లలో 'అయోగ్యముగా' పాలుపుచ్చుకోవద్దనే మాటకు మనం రహస్య పాపాలు వెతుక్కుంటాం గానీ, ఆ అధ్యాయంలో అయోగ్యత వాళ్ల విస్తళ్లలోనే ఉంది.

నాలుగో శతాబ్దంలో అంతియొకయలో యోహాను క్రిసోస్తొమ్ అనే బోధకుడు ఉండేవాడు. క్రిసోస్తొమ్ అంటే బంగారు నోరు. ఆయన మత్తయి మీద చెప్పిన ప్రసంగాల్లో ఇదే అడిగాడు: గుడి లోపల క్రీస్తుకు పట్టుబట్టలు కప్పి, గుడి బయట చలికి వణుకుతున్న క్రీస్తును వదిలేస్తారా అని. మా వీధిలో ఒకాయన చర్చికి ఏసీ ఇచ్చాడు, పేరు రాయించి. వాళ్లమ్మ బీపీ మాత్రలు మా ఆవిడ కొనిస్తుంది. దీనికి యేసు పెట్టిన పేరు కొర్బాను. మార్కు 7. అమ్మానాన్నలకు పెట్టాల్సింది దేవుడికి అర్పితం అని చెప్పి ఎగ్గొట్టడం.

మామిడితోట | మంగళవారం, రాత్రి 9:50

అందరూ రాసింది రెండుసార్లు చదివాను. నర్సక్క రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. కానీ మేష్టారూ, తప్పు నాది కానప్పుడు నేనెందుకు ముందు పోవాలి? నా మనసులో ద్వేషం లేదు. కోపం కూడా ఇప్పుడు లేదు. మాట్లాడటం లేదు, అంతే.

పాతకీర్తన | బుధవారం, ఉదయం 5:50

మత్తయి 5:23 తీసి నిదానంగా చదువు. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా ఏం గుర్తొస్తే వదిలిపెట్టి పొమ్మన్నాడు? నీకు అన్న మీద కోపముందని గుర్తొస్తే అనలేదు. 'నీ మీద' నీ సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే అన్నాడు. నీ మనసులో ద్వేషం లేదంటున్నావు, మంచిది. ఆయన మనసులో నీ మీద ఏముంది?

ఇంకోటి. ఆ మాట చెప్పింది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మూడు నాలుగు రోజుల నడక. గొర్రెపిల్లను అక్కడ వదిలి, ఊరికి నడిచి, అన్నతో సమాధానపడి, మళ్లీ అంత దూరం నడిచి వచ్చి అప్పుడు అర్పించమన్నాడు. వింటున్నవాళ్లు నవ్వుకుని ఉంటారు. నీకు బస్టాండులో చిత్తూరు బస్సు ఉంది తమ్ముడూ. పూతలపట్టులో దిగడమే.

సందేహాల సంచి | బుధవారం, ఉదయం 9:15

నాకూ ఒకటి దొరికింది, పెడుతున్నా. పాతకాలంలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో ఊరి బిషప్ ఆగస్టీన్ యోహాను సువార్త మీద చేసిన ప్రసంగాల్లో, బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లు పడి ఉన్నవాడి కథకు ఒక విచిత్రమైన అర్థం చెప్తాడు. పరుపెత్తుకుని నడువు అన్నాడు కదా యేసు. పరుపు అంటే పొరుగువాడంట. నువ్వు బలహీనుడిగా ఉన్నప్పుడు వాడు నిన్ను మోశాడు, ఇప్పుడు నువ్వు వాణ్ణి మొయ్యి. నడవడం దేవుడి వైపు. ఆజ్ఞల వరుసలో దేవుడి ప్రేమ ముందు, చేసే వరుసలో పొరుగువాడి ప్రేమ ముందు అంటాడు. ప్రార్థన గది అన్న చెప్పిన వరుసా నిలిచింది, మేష్టారు చెప్పిందీ నిలిచింది. అర్థం చెప్పడంలో కొంచెం లాగాడనిపిస్తుంది గానీ నాకు నచ్చింది.

అయ్యగారు చదివిన యోహాను పత్రికలో 20వ వచనానికి ముందు 19 కూడా చూడండి. ఆయనే మొదట ప్రేమించాడు గనుక మనం ప్రేమిస్తున్నాం. ఎవర్ని? ముఖ్యమైన పాత చేతిరాతలు కొన్నిటిలో ఆ మాట లేదు. తర్వాత రాసుకున్నవాళ్లు కొందరు 'ఆయనను' అని చేర్చారు. యోహాను ఖాళీ వదిలేశాడు.

మామిడితోట | బుధవారం, ఉదయం 11:40

మేష్టారి ప్రశ్నకు పొద్దున్నుంచి పని జరగడం లేదు. ఒకటి మీ దగ్గర దాచాను. తప్పు మా అన్నదేనని పెద్దమనుషులు అన్నారు, నిజమే, గట్టు ఆయన జరిపాడు. ఆ కోపంతో నేను బోరు స్టార్టరు డబ్బాకు కొత్త తాళం వేసి తాళంచెవి తిరుపతికి తెచ్చుకున్నాను. బోరు నా వైపు పడింది. ఆ ఏడు ఎండలకు ఆయన వైపు పదమూడు చెట్లు ఎండిపోయాయి. అప్పటి నుంచి ఆయన ట్యాంకరుతో నీళ్లు తోలుకుంటున్నాడు.

తాళంచెవి నా బండి తాళాల గుత్తిలోనే ఉంది. 21 రోజులూ చర్చికి ఆ బండి మీదే పోయాను.

నర్సక్క | బుధవారం, మధ్యాహ్నం 12:05

బొటనవేలు సందు.

ప్రార్థన గది | బుధవారం, మధ్యాహ్నం 12:30

బ్రదర్, బల్ల మానొద్దన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ముందు బస్సెక్కండి. మీరు వచ్చేదాకా ఇక్కడ మేం ప్రార్థనలో ఉంటాం. ఆయన మనసు మారాలని కాదు.

రాగిసంగటి | బుధవారం, మధ్యాహ్నం 1:00

ఒట్టి చేతుల్తో పోకు అన్నా. ఆపరేషన్ అయిన మనిషి. పండ్లు తీసుకో, మామిడికాయలు తప్ప.

మామిడితోట | గురువారం, రాత్రి 11:20

పోయొచ్చాను. ఏమైందని అడుగుతారు కాబట్టి రాస్తున్నా.

ఇంటి దగ్గర లేడు. వదిన నన్ను చూసి ఒక నిమిషం అట్లే నిలబడింది, తర్వాత కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. తోట దగ్గర ఉన్నాడు పో అంది. బనీను పైకి కుట్ల పట్టీ కనిపిస్తోంది, అయినా ట్యాంకరు పైపు పట్టుకుని చెట్టు చెట్టుకూ పోస్తున్నాడు. బాగా సన్నబడ్డాడు. రా అనలేదు. పైపు కూడా వదల్లేదు.

'సంతకం కోసం వచ్చినావా?' అన్నాడు.

కాదన్నాను. బస్సులో అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. గుత్తి నుంచి తాళంచెవి తీయబోతే రింగు బిగుసుకుపోయి గోరు విరిగింది. ఆయన చూస్తూ ఉన్నాడు. తీసి చెయ్యి చాపాను. తీసుకోలేదు. 'ఆ గోడ మీద పెట్టు' అన్నాడు. పెట్టాను.

ఎండిన చెట్లు ఇంకా కొట్టలేదు. లెక్కపెట్టాను, పదమూడు కాదు, పదహారు. అది కూడా తప్పే చెప్పాను మీకు. తప్పయిందన్నా అన్నాను. గట్టు మాట నేనెత్తలేదు, ఆయన కూడా ఎత్తలేదు. అది అట్లనే ఉంది. కాసేపటికి పైపు నా చేతికిచ్చి చెట్టు నీడన కూర్చున్నాడు. మిగతా వరస నేను పోశాను. చీకటి పడుతుంటే 'తొమ్మిదింటికి ఆఖరు బస్సు' అన్నాడు. అంతే మాట్లాడింది.

మేష్టారూ, సమాధానపడ్డట్టా కాదా నాకు తెలియడం లేదు.

పాతకీర్తన | శుక్రవారం, ఉదయం 5:40

నాకూ తెలియదు తమ్ముడూ. ఆదివారం బల్ల ఉందా మీకు?

మామిడితోట | శుక్రవారం, ఉదయం 7:15

నెలకొకసారే. వచ్చే నెల దాకా లేదు. రాత్రి వదిన ఫోన్ చేసింది. తాళం తుప్పు పట్టి తెరుచుకోలేదంట, అన్న రాయితో కొట్టి తీశాడంట. మోటరు మాత్రం తిరిగిందంట. వారంలో మూడు రోజులు ఆయనకు, మూడు రోజులు నాకు, ఆదివారం ఎవరికీ వద్దు అన్నాడంట. నా వంతు రేపటి నుంచి. ఆయన వైపు చెట్లకు ముందు పెడదామనుకుంటున్నా, ఒప్పుకుంటాడో లేదో.

కాణిపాకం క్రాస్ | శుక్రవారం, ఉదయం 7:30

నిర్వాహకుడు గారు మన్నించాలి. నాలుగేళ్లు తిప్పని మోటరు, ఒకేసారి గంటలకొద్దీ వదలొద్దు. మొదట అరగంట, బురద నీళ్లు పోయేదాకా. ఇంతకీ పూతలపట్టు వైపు త్రీఫేజు ఎన్నింటికి ఇస్తున్నారు?

మామిడితోట | శుక్రవారం, ఉదయం 7:34

కనుక్కోవాలి. అన్నను అడుగుతా.